శ్రీశైలానికి వాయవ్యాన

ఏలూరు,
12-12-1976

చిరంజీవి సత్యానికి,

అక్క దీవెనలు. కమలకు కూడా.

దోహాలో చలేస్తోందని రాశావు. ఎడారిలో చలేమిటని మా కాలేజీ స్టాఫ్ రూములో అందరూ నవ్వారు. నువ్వు స్వెట్టరు వద్దని మొండికేసి వెళ్ళినవాడివి కాబట్టి నాకు మాత్రం నవ్వు రాలేదు.

నువ్వడిగిన క్యాసెట్ పార్సెల్ చేశాను. పోయిన శ్రీరామనవమికి నువ్వు పంపిన టేప్ రికార్డరు మనూరు పట్టుకెళ్ళి, ఆచార్యులు గారి పక్కన పెట్టించి, కల్యాణం మొత్తం పట్టించాను. తిరిగి వినలేదు. ఆ మీటలు నొక్కితే ఎక్కడ చెరిగిపోతుందోనని భయం. పట్టింది పట్టినట్టే పంపాను. మీ కల్యాణానికి అదే పురోహితుడనుకోండి.

పీటల సంగతి బెంగపెట్టుకోకు. తాతగారు కట్టించిన రామాలయం, నాన్నగారు జీవితమంతా కూర్చున్న పీటలు. ఆయన తరవాత అవి నీవి. బాబాయి కొడుకు ఆనందరావు కూర్చున్నది నీ బదులే. సంకల్పంలో నీ పేరే చెప్పమని ఆచార్యులు గారికి ముందే చెప్పాను. కాకపోతే పీటల మీద కూర్చున్నవాడి మాటే ఊళ్ళో చెల్లుతుందన్న సంగతి నీకు తెలుసు. మొన్న కాలవ నీళ్ళ తగవు కూడా ఆనందరావు అరుగు మీదే తీరింది.

ఇక నా గొడవ విను. చిన్నప్పుడు నేను పరీక్షకు చదువుతుంటే ఎదురుగా కూర్చుని వినడం నీ పని. సగంలో నిద్రపోయేవాడివి. ఇప్పుడు ఉత్తరంలో కాబట్టి నిద్రపోయినా నాకు తెలియదు.

నేను రాస్తున్న పుస్తకం నడుస్తోంది. పాతకాలపు ఇశ్రాయేలు రాజులకు రాజ్యం ఇచ్చిందెవరు? దేవుడా, జనమా, మధ్యలో నిలబడ్డ ప్రవక్తా? అదీ నా ప్రశ్న. మొదటి అధ్యాయం సౌలుది. తండ్రి గాడిదలు తప్పిపోతే వెతకబోయిన కుర్రాడు. దారిలో సమూయేలు అనే ముసలి ప్రవక్తను గాడిదల జాడ అడిగాడు. ఆయన బుడ్డిలో నూనె వీడి నెత్తిన పోసి, నువ్వే రాజువన్నాడు. గాడిదల కోసం వెళ్ళి రాజ్యంతో వచ్చాడు. నువ్వూ ఉద్యోగం కోసం వెళ్ళావు, ఏం తెస్తావో చూడాలి. మీ దగ్గరా అంతా చమురు మహిమే కదా!

తరవాత ఒక యుద్ధం ముందు బలి ఇవ్వాలి. ఇవ్వాల్సిన సమూయేలు ఎంతకీ రాడు. సైన్యం జారిపోతోంది. సౌలు ఆగి ఆగి తనే ఇచ్చేశాడు. అప్పుడొచ్చాడు పెద్దాయన, నీ రాజ్యం నిలవదు పొమ్మన్నాడు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని మనవాళ్ళు ఊరికే అనలేదు.

ఎప్పుడొస్తావు? ఈ మాట ప్రతి ఉత్తరంలో రాయకూడదనుకుంటాను, చివరికొచ్చేసరికి చెయ్యి ఆగదు.

నీ అక్క,
అనంతలక్ష్మి

---

దోహా,
20-1-1977

అక్కకు,

సత్యం నమస్కారాలు. కమల నమస్కారాలు వేరే చెప్పమంది.

నిద్రపోలేదు. సౌలు కథ రెండుసార్లు చదివాను. పాపం ఏం చేస్తాడక్కా? పూజారి రాడు, జనం ఆగరు. ఇక్కడ మా పరిస్థితీ అంతే.

ఇంకా క్యాసెట్ రాలేదు కానీ కల్యాణం మాటలు జోరుగా సాగుతున్నాయి. మాతో కలిపి నాలుగైదు తెలుగు కుటుంబాలు, కంపెనీ క్యాంప్‌లో తెలంగాణ మనుషులు. నన్ను రోజూ సర్వేకి తీసుకెళ్ళే డ్రైవరు రాజనర్సుది జగిత్యాల దగ్గర పల్లె. నవమి నాడు సెలవు దొరకదే ఎలాగా అని నేను తల పట్టుకుంటే అతను, “నవమని డ్యూటీ ఎవడిడుస్తడు సార్? జుమ్మా నాడే చేద్దం. మన క్యాంపు సంగతి దేవునికెర్క లేదా?” అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. నవమి దాటాక వచ్చే శుక్రవారం, మా ఇంటి హాల్లో, కిటికీలు మూసుకుని, నాదస్వరం సన్నగా పెట్టుకుని.

ఒక చిక్కుంది. సంకల్పంలో మనం ఎక్కడున్నామో చెప్పుకోవాలి కదా. ఆచార్యులు గారు శ్రీశైలానికి ఈశాన్యంలో, కృష్ణా గోదావరుల మధ్య దేశంలో అని మొదలుపెడతారు. మేమున్నదెక్కడ? అట్లాసు తెరిచి స్కేలు పెట్టి చూశాను. శ్రీశైలానికి వాయవ్యం. నదుల మాటకొస్తే ఒక్కటీ లేదు. భరతఖండే అనడానికి కూడా నోరు రాదు. అన్నీ తీసేస్తే మిగిలేది ఒక సముద్రం, ఒక అద్దె ఇల్లు. అదంతా ఎందుకని క్యాసెట్‌లో ఉన్నదే పెట్టేద్దామంటోంది కమల.

తలంబ్రాలు మాత్రం మనింటి పద్ధతిలో కుదరవు. గోటితో ఒలవడానికి వడ్లేవీ? పాకిస్తానీ కొట్లో దొరికే బాస్మతే గతి. అమ్మా పిన్నీ అందరూ చావిట్లో కూర్చుని ఒక్కొక్క గింజా ఒలవడం, అందరికంటే నీ ముందు కుప్ప పెద్దగా ఉండటం నిన్న గుర్తొచ్చింది. నీ గోళ్ళు అంత పదును. నా చెవి మెలిపెట్టినప్పుడూ తెలిసేది.

సాయంత్రాలు సముద్రపు గట్టు మీద నడుస్తాం. కాలవ గట్టు అనుకుంటాను. కాసేపు అనుకోగలను కూడా.

నీ తమ్ముడు,
సత్యం

---

ఏలూరు,
15-2-1977

చి. సత్యానికి,

అక్క దీవెనలు.

సీతమ్మ నెత్తిన బాస్మతా! అత్తగారింటి బియ్యం సన్నవని మురిసిపోతుందిలే. గోళ్ళ సంగతి, చావిడి సంగతి అన్నీ పాతవి. వాటిని వదిలెయ్.

నీ ఉత్తరం చదువుతూ స్టాఫ్ రూములో పైకే నవ్వాను. ఎందుకో చెప్తాను. నేనిప్పుడు సరిగ్గా యరొబాము అధ్యాయంలో ఉన్నాను. సౌలు తరవాతి రాజు దావీదు. అతని కొడుకు సొలొమోను పోయాక రాజ్యం రెండు ముక్కలైంది. అంతకు ముందే అహీయా అనే ప్రవక్త తన కొత్త అంగీని పన్నెండు పీలికలు చేసి, పది యరొబాము చేతికిచ్చి, పది గోత్రాలకు నువ్వు రాజువన్నాడు. రాజ్యమైతే వచ్చింది కానీ గుడి రాలేదు. గుడి యెరూషలేములో, దావీదు మనవడి దగ్గరే ఉండిపోయింది. జనం ఏటేటా పండక్కి అక్కడికి వెళ్తే మనసు కూడా అక్కడే ఉండిపోతుంది కదా అని యరొబాముకు గుబులు పట్టుకుంది. దాంతో ఏం చేశాడో తెలుసా? అంత దూరం మీకెందుకు శ్రమ అని, బేతేలులో ఒకటి, ఇంకో ఊళ్ళో ఒకటి, రెండు బంగారు దూడల్ని నిలబెట్టాడు. పూజారుల వంశం కాని వాళ్ళని పూజారులుగా పెట్టాడు. పండగ నెల కూడా తన మనసుకు తోచినట్టు జరిపేశాడు.

ఇప్పుడు చెప్పు. నవమిని శుక్రవారానికి జరిపిందెవరు? టేప్ రికార్డరును పురోహితుణ్ణి చేసిందెవరు? మా యరొబాము దోహాలో దొరికాడని మా సంస్కృతం మేడమ్‌తో చెప్పి తెగ నవ్వాం.

ఆ పాత గ్రంథం రాసినవాళ్ళు మాత్రం నవ్వలేదు. వాడి తరవాత వచ్చిన ప్రతి రాజునూ వాడి పాపంలోనే నడిచాడని తిట్టిపోశారు. గుడి ఒక్కచోటే ఉండాలన్నది వాళ్ళ పట్టు. నాకూ అదే నిజమనిపిస్తుంది. మూలం వదిలేసి ఎక్కడికక్కడ నిలబెట్టుకుంటే చివరికి మనుషులు కలుసుకోవడానికి ఒక చోటంటూ మిగలదు. ఇది పుస్తకం సంగతి. నీ సంగతి కాదు.

సంకల్పానికి అట్లాసు తెరిచినవాణ్ణి నిన్నే చూశాను. నాన్నగారుంటే ఎంత నవ్వేవారో.

అక్క,
అనంతలక్ష్మి

---

దోహా,
5-4-1977

అక్కకు,

నమస్కారాలు.

శుక్రవారం కల్యాణం జరిగింది. హాలు నిండా జనం. క్యాంప్ వాళ్ళు ఇస్త్రీ చొక్కాలతో వచ్చారు. నేనూ కమలా పీటల మీద కూర్చున్నాం. రాజనర్సు క్యాసెట్ వేశాడు.

ఆచార్యులు గారి గొంతు వినగానే ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. కృష్ణా గోదావరుల మధ్య దేశంలో అన్నారు. మేమెవరమూ అక్కడ లేం కదా, అబద్ధం కదా అని ఎవరూ అనలేదు. ఆ ఒక్క మాటకే వచ్చినట్టు కూర్చున్నారు. తరవాత గోత్రం చెప్పారు. మన గోత్రమే. తరవాత పేరు చెప్పారు. ఆనందరావు నామధేయస్య. ధర్మపత్నీ సమేతస్య.

చేతిలో అక్షింతలు పట్టుకుని నేను, నా పక్కన కమల. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మా అందరి ముందు, మా ఇంట్లో, మా పీటల మీద, వాడి పేరు.

నువ్వు వినకుండా పంపానన్నావు. సరే. బదులు కూర్చున్నాడన్నావు. అదీ సరే. కానీ దూడలూ పండగా అని అంత వివరంగా రాసింది ఇందుకేనని ఇప్పుడు అర్థమైంది. అసలు గుడి అక్కడుంది, అసలు మనిషి అక్కడున్నాడు, నువ్వు అక్కడ నిలబెట్టుకున్నది ఉత్త దూడ అని నేరుగా చెప్తే సరిపోయేది. అంతమందితో కలిసి నవ్వుకోవడమెందుకు?

ఆ పది గోత్రాల వాళ్ళు దావీదు వంశంతో మాకింకేం సంబంధమని లేచి ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారని నువ్వే ఎప్పుడో చెప్పావు. వాళ్ళకెందుకంత కోపమొచ్చిందో నాకిప్పుడు తెలుస్తోంది.

ఇట్లు,
సత్యనారాయణమూర్తి

---

ఏలూరు,
22-4-1977

సత్యం,

నీ సంతకం చూశాను. నాకు ఉత్తరం రాస్తూ పూర్తి పేరు పెట్టావు. ఇంతకంటే చెవి మెలిపెట్టినా బాగుండేది.

నేను వినలేదురా. ఆ రోజూ వినలేదు. నాకు వినపడే చోట నేను లేను. నాదస్వరం గట్టిగా ఉంది, జనం మాటలు, పిల్లల గోల. క్యాసెట్ నీకు పంపే ముందు ఒక్కసారి పెట్టి వినాల్సింది. వినలేదు.

ఉత్తరం అందిన ఆదివారమే మనూరు వెళ్ళాను. ఆచార్యులు గారు తులసి కోట దగ్గర కూర్చుని ఉన్నారు. నేను చెప్పిన పేరు మార్చి మీరు తప్పు చేశారని గట్టిగానే అన్నాను. ఆయన కోప్పడలేదు.

“నేనేం చెయ్యనమ్మా? కృష్ణా గోదావరుల మధ్యనని దేవుడితో చెప్పాను. ఆ వెంటనే అక్కడ లేనివాడి పేరెలా చెప్పేది? దేశం ఒకటి చెప్పి మనిషిని ఇంకొకణ్ణి చెబితే అబద్ధమవదూ? సత్యం మీద నాకేం కోపం? వాడు వచ్చి కూర్చుంటే వాడి పేరే చెబుతాను” అన్నారు.

ఆయన లెక్క ఆయనది. ఆనందరావు ఏమీ అడగలేదట, చెప్పనూ లేదట. పేరు వినబడితే వద్దని మాత్రం అనలేదు.

యరొబాము సంగతి వేళాకోళం సత్యం. నీతో కాకపోతే ఎవరితో ఆడతాను? స్టాఫ్ రూములో నవ్వింది నీ మీద ప్రేమతో. మా తమ్ముడు సంకల్పానికి అట్లాసు చూశాడని గొప్పలు పోతూ చెప్పాను. అది కాగితం మీద పడేసరికి ఇలా తయారైంది. ఎదురుగా ఉంటే నా మొహం చూసేవాడివి, నేను నవ్వుతున్నానని తెలిసేది.

జవాబు రాయి. తిడుతూనైనా రాయి.

అక్క

---

ఏలూరు,
30-8-1977

చి. సత్యానికి,

దీవెనలు.

నాలుగు నెలలుగా పోస్టుమాన్ నన్ను చూసి తల అడ్డంగా ఊపి వెళ్ళిపోతున్నాడు. ఇప్పుడు గేటు దగ్గర కాకుండా లోపల నుంచే చూస్తున్నాను. అతన్ని ఇబ్బంది పెట్టడమెందుకు?

కమల కులాసాయేనా? నీకు ఎండ దెబ్బ తగిలిందా? వార్తల్లో మీ దేశం పేరు వస్తే వింటాను, ఎప్పుడూ చమురు ధర తప్ప ఏమీ చెప్పరు.

పుస్తకం ఆగిపోయింది. యరొబాము పేరు రాయబోతే చెయ్యి పోవడం లేదు. అన్ని రాజ్యాల సంగతీ తెలుసుకున్నాను, ఒక్క తమ్ముణ్ణి నిలుపుకోలేకపోయాను. మన ఇంట్లో మిగిలింది మనిద్దరమే కదరా. నువ్వూ మాట్లాడకపోతే నన్ను ఏకవచనంలో పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు. నాకు నిన్ను చూడాలనుంది. ఇంతకంటే చదువుకున్నదానిలా ఎలా రాయాలో తెలియడం లేదు.

అక్క

---

మదీనత్ అల్ షమాల్,
11-11-1977

అక్కకు,

సత్యం నమస్కారాలు.

నీ రెండు ఉత్తరాలూ నిన్న ఒకేసారి చేతికొచ్చాయి. మే నెలలో నన్ను ఉత్తరాన ఈ ఊరికి రోడ్డు పనికి పంపారు. కమల పుట్టింటికి వెళ్ళి పోయిన వారమే తిరిగొచ్చింది. ఉత్తరాలు దోహాలో తాళం వేసిన ఇంటి గుమ్మంలో పడి ఉన్నాయి. కోపంతో నేనూ రాయలేదు, అది నిజమే. కానీ నువ్వు రాసి కూడా నాకు అందలేదని తెలియక, అక్క కూడా నన్ను వదిలేసిందనుకున్నాను.

ఇక్కడ మూడు వైపులా సముద్రం. పని అయ్యాక చెయ్యడానికేమీ ఉండదు. రాజనర్సు దగ్గర చిన్న టేప్ రికార్డరుంది. ఆ క్యాసెట్ పారేద్దామని తెచ్చి, పారెయ్యలేక వింటూ ఉండేవాణ్ణి. మంత్రాల కోసం కాదు. వెనకాల చప్పుళ్ళ కోసం. ఒక కాకి. కొబ్బరికాయ కొట్టిన చప్పుడు. “చెంబు ఎక్కడ పెట్టావే” అని ఎవరో అరిచారు. అవన్నీ నాకు నోటికి వచ్చేశాయి.

అందులో నీ దగ్గు ఉందక్కా. నీ దగ్గు నాకు తెలియదా? రెండుసార్లు ఆగి మూడోది. ఆచార్యులు గారి గొంతు చెవి పక్కనే ఉన్నట్టుంది. నీ దగ్గు మాత్రం ఎక్కడో దూరంగా, నూతి దగ్గర నుంచి వచ్చినట్టుంది. నేను సర్వే వాణ్ణి. దూరం అంచనా కట్టడమే నా పని. మా అక్క, టేప్ రికార్డరు పెట్టించింది తనే కదా, అంత దూరం ఎందుకు నిలబడిందని చాలా రోజులు అనుకున్నాను. నిన్న నీ ఉత్తరంలో, నాకు వినపడే చోట నేను లేనన్న వాక్యం చదివాక తెలిసింది.

బావ పోయి తొమ్మిదేళ్ళు. నేను పీటల మీద కూర్చున్న ఏడాది కూడా నువ్వు అక్కడే, నూతి దగ్గరే ఉండి ఉంటావు. నేను చూడలేదు. నా పేరు పలకలేదని నేను లోకమంతా కూలినట్టు అలిగాను. నీ సంగతి నాకు తట్టనే లేదు.

ఆనందరావు పేరే చెప్పనీ. అక్కడున్నవాడు వాడు. ఆచార్యులు గారు న్యాయమే చెప్పారు.

నాకొకటి కావాలి. రాజనర్సు జనవరిలో సెలవు మీద వస్తున్నాడు. ఏలూరు వచ్చి నిన్ను కలవమన్నాను. తలంబ్రాల బియ్యం పంపు. వడ్లు కాదు, బియ్యమే. నీ గోటితో ఒలిచినవి.

నీ తమ్ముడు,
సత్యం

---

ఏలూరు,
26-2-1978

చి. సత్యానికి,

దీవెనలు. కమలకు ప్రత్యేకంగా.

మీ రాజనర్సు వచ్చాడు. కాలేజీ గేటు దగ్గర నిలబడి వాచ్‌మన్‌తో, “మూర్తి సారు అక్కను పిలువుండ్రి, దుబాయి నుంచి వచ్చిన్నని చెప్పుండ్రి” అన్నాడట. దోహా కదా నాయనా అంటే, “మావోళ్ళకు అన్నీ దుబాయే అమ్మా. అట్ల అనుడే అలవాటైపోయింది” అన్నాడు. అతనికి అన్నం పెట్టాను. నువ్వు చిక్కావని చెప్పాడు, తరవాత నా మొహం చూసి, ఎక్కువేం చిక్కలేదని సర్దాడు.

బియ్యం అతని చేతికిచ్చాను. ఒలిచింది నేనే.

దానికెంత తతంగం పట్టిందో చెప్తాను. నీ ఉత్తరం అందిన రోజు చెయ్యననే అనుకున్నాను. శాస్త్రం ఎందుకు కెలకాలి, ఎవరి మనసుకు నొప్పి కలిగించాలి అనుకున్నాను. మన పొలం వడ్లు ఒక కుంచెడు తెప్పించి మూల పెట్టాను. సంక్రాంతి సెలవుల్లో మధ్యాహ్నం తలుపులు వేసుకుని, పేపర్లు దిద్దే బల్ల మీద పోసుకున్నాను. మొదటి గింజ చితికింది. రెండోదీ చితికింది. తరవాత గోళ్ళకు గుర్తొచ్చింది. నుసి లేకుండా, ముక్క విరగకుండా, ముక్కుతో సహా గింజ బయటికొస్తుందే, అలా. నేనెందుకు ఏడ్చానో నాకే తెలియదు. అమ్మ ఉంటే, ఏడుపు గింజ మీద పడుతుంది, అవతలికి తిరగవే అనేది.

ఆ పాత గ్రంథంలో నయమాను అనే సేనాపతి ఉన్నాడు. పరాయి దేశం వాడు. ఇశ్రాయేలులో ఎలీషా ప్రవక్త వల్ల రోగం నయమయ్యాక, మా ఊరు వెళ్ళి ఈ దేవుణ్ణే కొలుచుకుంటాను, రెండు కంచరగాడిదల మోత మట్టి ఇప్పించండని అడిగాడు. ఇన్నాళ్ళూ ఆ కథ చెప్పి పిల్లల్ని నవ్వించేదాన్ని. దేవుడు మట్టిలో ఉంటాడా అని. రాజనర్సు సంచి భుజాన వేసుకుని బస్సెక్కుతుంటే నాకు నవ్వు రాలేదు.

ఇప్పుడు అసలు మాట విను. కమలతో చెప్పావా? ఆమె ముత్తయిదువు. రేపో మాపో తల్లి కావాల్సిన పిల్ల. మీ ఇంటికొచ్చే ఆడవాళ్ళకు రేపు తెలిసినా తెలుస్తుంది. ఆమె మనసులో ఏ మూలనైనా శంక ఉంటే ఆ బియ్యం పీటల దాకా తేవద్దు. పిట్టలకు వెయ్యి. నేనేమీ అనుకోను. అనుకుంటాను గానీ నీకు చెప్పను.

ఏమైందో ఒక్క ముక్క రాయి.

అక్క

---

దోహా,
22-4-1978

అక్కకు,

సత్యం నమస్కారాలు.

నిన్న శుక్రవారం కల్యాణం అయింది. ఈసారి మా హాలు చాలలేదు. దోహా బయట ఉమ్ సలాల్‌లో రాజనర్సు బావమరిది ముత్యం ఒక తోటలో పనిచేస్తాడు. ఆ తోట యజమాని ముసలాయన. విషయం చెబితే, “శుక్రవారం నేను తోటకు రాను. మీరేం వండుకు తిన్నారో నాకు తెలియదు” అన్నాడట. ఆ మర్యాద చాలు. మామిడాకులు లేవు, ఖర్జూరపు మట్టలు కట్టాం. మేకలు కూడా వచ్చి చూశాయి.

కమలకు నీ ఉత్తరం చదివి వినిపించాను. పిట్టలకు వెయ్యమన్న చోట నా చేతిలోంచి లాక్కుంది. “ఒదినగారి చేతి అన్నం తిని చదువుకున్నారు కదా మీరు. ఆ చెయ్యి అన్నానికి పనికొచ్చి తలంబ్రాలకు పనికిరాదా?” అంది. ఆ బియ్యం పట్టుచీర కొంగులో పోసుకుని పసుపూ నెయ్యీ తనే కలిపింది. వచ్చిన ఆడవాళ్ళు, బియ్యం ఎంత బాగా ఒలిచారు, ఎవరివని అడిగితే, మా ఆడపడుచువని గట్టిగా చెప్పింది. ఆ ఆడపడుచు ఎవరో తెలిసిన ఒకావిడ ఒక్క క్షణం ఆగింది. తరవాత దోసిలి పట్టింది.

ఈసారి క్యాసెట్ పెట్టలేదు. సంకల్పం నేనే చెప్పాను. కాగితం మీద రాసుకుని. శ్రీశైలస్య వాయవ్య ప్రదేశే అన్నాను. సముద్ర తీరే అన్నాను. ఖర్జూర వనే అన్నాను. అలా అంటుంటే కష్టమైందక్కా. ఇన్నాళ్ళూ మేం కాలవ గట్టు మీదే ఉన్నామని, రేపు ఉదయం నిద్ర లేస్తే ఇల్లు చేరతామని ఒక భ్రమ ఉండేది. ఆ మాటతో అది పోయింది. వెనకాల క్యాంప్ వాళ్ళెవరో వెక్కి వెక్కి ఏడ్చారు. అయినా ఉన్నచోటు నుంచి పిలిస్తేనే కదా వినేవాడికి మనమెక్కడున్నామో తెలిసేది.

గోత్రం చెప్పాను, నా పేరు, కమల పేరు చెప్పాను. ఆగి, అనంతలక్ష్మి నామధేయా అని నీ పేరు చెప్పాను. మంత్రం తప్పో ఒప్పో తెలియదు. తప్పు పట్టేవాళ్ళు ఇక్కడ లేరు. ఒక్కోసారి అది కూడా మంచిదే.

నువ్వు ఒలిచిన గింజలు సీతమ్మ నెత్తిన పోశాం. రాజనర్సు దోసిలి పట్టి, “అమ్మ ఇచ్చిన బియ్యం, నాకు జెర ఎక్కువ వెయ్యుండ్రి” అన్నాడు. ఈ కవరులో కొన్ని పెట్టాను. నీవే. నెత్తిన వేసుకో.

వచ్చే ఏడాది సెలవుకు దరఖాస్తు పెట్టాను. ఇస్తారో లేదో తెలియదు. వస్తే మనూరు వెళ్దాం. నేను పీటల మీద కూర్చోను. నూతి దగ్గర నీ పక్కన నిలబడతాను.

నీ తమ్ముడు,
సత్యం

---

ఏలూరు,
3-7-1978

చి. సత్యానికి, చి. సౌ. కమలకు,

దీవెనలు.

ఉత్తరం కాలేజీ చిరునామాకు రాశావు. వేసవి సెలవులంతా అది ఆఫీసు బీరువాలో ఉంది. నేను ఇంట్లో ఉన్నాను. ఈ రెండు నెలలూ ఏం అనుకున్నానో చెప్పను. మా వరండాలో పిచ్చుకలు వాలితే చూడలేకపోయేదాన్ని.

ఈ రోజు కాలేజీ తెరిచారు. గుమాస్తా కవరిచ్చాడు. స్టాఫ్ రూములో తలుపు పక్కన నిలబడే చదివాను. కమలా, నీకేం రాయాలో నాకు తెలియదు. నువ్వొచ్చినప్పుడు నీ పక్కన కూర్చుని వడ్లు ఒలుస్తాను, అప్పుడు చెప్తాను.

సత్యం, యరొబాము అధ్యాయం మళ్ళీ రాస్తున్నాను. గుడి ఒక్కచోటే ఉండాలని రాసినవాళ్ళంతా ఆ గుడి లోపల నిలబడి రాసినవాళ్ళు. నేనూ నూతి దగ్గర నిలబడి వాళ్ళ మాటే రాశాను చూడు, అదీ నా చదువు. బేతేలులో వాడు నిలబెట్టిన దూడ దగ్గరికి ఎవరెవరు వచ్చి ఉంటారు, వాళ్ళని అంతకుముందు ఎంత దూరంలో నిలబెట్టి ఉంటారన్నది ఎవరూ రాసి పెట్టలేదు.

గంట కొట్టారు. కవరులోవి అరచేతిలో పోసుకుని, చుట్టూ చూసి, నెత్తిన వేసుకున్నాను. దులుపుకున్నాననే అనుకుని క్లాసుకు వెళ్ళాను. సౌలు గాడిదలు వెతుక్కుంటూ బయల్దేరాడని చెప్తుంటే, ముందు బెంచీలో కొత్తగా చేరిన అమ్మాయి మెల్లగా లేచింది.

“మేడమ్, మీ జుట్టులో పసుపు బియ్యపు గింజ ఉందండీ.”

“ఉండనీ అమ్మా” అని, పాఠం చెప్పాను.

అక్క,
అనంతలక్ష్మి